కాళ్ళకు పావడాలు

బిలాస్‌పూర్ పేరు విననివాళ్ళు మా వైపు తక్కువ. అక్కడ ఆగి ఊరు చూసినవాళ్ళు ఇంకా తక్కువ. అది రైలు మారడానికి దిగే ఊరు. ప్లాట్‌ఫారం మీద టీ తాగి, సీసాలో నీళ్ళు పట్టుకుని మళ్ళీ ఎక్కేస్తారు. నేను అక్కడ నాలుగు రోజులుండి, కాళ్ళకు తొడుగులు కుట్టించుకుని వచ్చానని చెబితే మా స్కూలు స్టాఫ్ రూములో నవ్వని మనిషి లేడు. బాపట్లలో దర్జీలు కరువయ్యారా మాస్టారూ అన్నారు. కరువవలేదు. కాకపోతే ఆ తొడుగుల అవసరం అక్కడికి వెళ్ళాకే తెలిసింది. పోనివ్వండి, మొదటినుంచి చెబుతాను.

నేను డ్రాయింగు మాస్టారిని. షుగరు వ్యాధి వచ్చి చాలా కాలమైంది. దానివల్ల నా పాదాలకు స్పర్శ పోయింది. చెప్పులో రాయి ఉన్నా తెలియదు, వేడి గచ్చు మీద నిలబడ్డా తెలియదు. రెండేళ్ళ కిందట చీలమండ పైదాకా వచ్చే తోలు బూట్లతో కొండెక్కితే, బూటు అంచు ఒరుసుకుని ఎముక దగ్గర పుండు పడింది. మేజోడు తడిసిందేమిటా అని విప్పి చూస్తే నెత్తురు. సంక్రాంతి ముందు పడిన పుండు మామిడిపళ్ళు వచ్చినా మానలేదు. "ఇంకొక్క పుండు పడితే వేలుతో పోతుందో పాదంతో పోతుందో నేను చెప్పలేను. రోజూ సాయంత్రం ఇంట్లో ఎవరికైనా అరికాళ్ళు చూపించండి" అన్నాడు డాక్టరు. అప్పటికే నా భార్య విజయ పోయి ఏడాది దాటింది. పిల్లలు లేరు. అందుకని రోజూ సాయంత్రం నేల మీద చేతి అద్దం పెట్టి, దాని మీదుగా ఒక్కొక్క పాదం ఎత్తి చూసుకునేవాణ్ణి. మెడ నొప్పి పుట్టేది. మధ్యలో వేళ్ళ సందులు కనబడేవి కావు.

ఏటా చలికాలంలో అయిదుగురం స్నేహితులం కలిసి ఏదో ఒక కొండ దారి నడిచేవాళ్ళం. పుండు పడ్డ తరువాత వాళ్ళు నాకు చెప్పకుండా వెళ్ళడం మొదలుపెట్టారు. నా మంచికే. అయినా ఫోటోలు చూపిస్తుంటే సగం చూసి తిరిగి ఇచ్చేసేవాణ్ణి. ఈసారి నేనే ఒక్కణ్ణీ బయలుదేరాను. నర్మద పుట్టిన అమర్‌కంటక్‌కు అడవి దారిన రెండు రోజుల నడక. కాళ్ళు శుభ్రంగా తిరిగివస్తే ప్రతి ఏడూ ఎక్కడికో ఒకచోటికి వెళ్ళచ్చు. పుండు పడితే బూట్లు ఎవరికైనా ఇచ్చేసి ఇంట్లో కూర్చోవాలి. ఈ పందెం నాకు నేనే వేసుకున్నాను. డాక్టరుకు చెప్పలేదు.

రాజ్‌కిశోర్ నగర్

స్టేషనుకు కూర్మారావు గారు వచ్చారు. మా స్కూల్లో లెక్కల మాస్టారికి పెదనాన్న. శ్రీకాకుళం వైపునుంచి వీళ్ళ నాన్నగారి కాలంలోనే వచ్చి రైల్వేలో స్థిరపడ్డ కుటుంబం. ఆయన ఇంజను డ్రైవరుగా చేసి రిటైరై, క్వార్టరు ఖాళీ చేసి, అర్పా నది అవతల రాజ్‌కిశోర్ నగర్‌లో చిన్న ఇల్లు కట్టుకున్నారు. వంతెన దాటుతుంటే నదిలో నీళ్ళకన్నా ఇసుకే ఎక్కువ కనిపించింది. ఆ ఇసుకలో ఎవరో ముల్లంగి వేశారు.

"ఏటి మాస్టారూ, ఒక్కరే ఒచ్చేరు? జట్టు నేదా?" అని రిక్షాలోనే అడిగారు.

"ఈసారికి ఒక్కణ్ణే" అన్నాను.

"అచ్ఛా" అన్నారాయన. ఆ ఊళ్ళో తెలుగువాళ్ళు ఆ మాటను మనం "ఓహో" అన్నట్టు వాడతారు. దానితో సంభాషణ ముగించవచ్చు, మొదలూ పెట్టవచ్చు. ఈసారి ముగిసింది.

ఆయన భార్య సూరమ్మ గారు పొట్టిగా, గట్టి గొంతుతో, వచ్చినవాణ్ణి అన్నం పెట్టి లొంగదీసే రకం. మా కృష్ణా గుంటూరు వంటల్లో కారం ఎంతో, వీళ్ళ వంటల్లో బెల్లం అంత. పప్పులో బెల్లం, గుమ్మడికాయ పులుసులో బెల్లం, చివరికి వంకాయ కూరలో కూడా. ఎన్ని ఏళ్ళు ఛత్తీస్‌గఢీ గాలి పీల్చినా ఆ బెల్లం మాత్రం వదులుకోలేదు. నేను పులుసు గిన్నె పక్కకు జరిపాను. జబ్బు సంగతి చెప్పడం నాకిష్టం లేదు. చెప్పిన క్షణంనుంచీ ఏ ఇంట్లోనైనా మనం అతిథి కాదు, రోగి. తీపి నాకు సరిపడదన్నాను.

"బెల్లం నేకపోతే అది పులుసేటి మాస్టారూ?" అని ఆవిడ మొహం చిన్నబుచ్చుకున్నారు. ఆ పూట మజ్జిగతో లేచాను. పెరట్లో జామచెట్టు కింద చేయి కడుక్కుంటుంటే నా మీద నాకే కోపం వచ్చింది.

కూర్మారావు గారి కవచాలు

మర్నాడు పొద్దున ఆయన నా బూట్లు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పారు. చీలమండ కిందకే ఆగిపోయే గుడ్డ బూట్లు, అడుగున రబ్బరు. ఎత్తు బూట్లు పాత పుండు మచ్చ మీద ఒరుసుకుంటాయి కనుక నాకివే గతి.

"ఇయి బజారుకెల్లే బూట్లండీ. ఆ దారిలో గడ్డి ఈ ఎత్తుంటాది" అని తొడ దాకా చేయి చూపించారు. "గింజలు సూదుల్లాగుంటాయి. మేజోడులో దూరితే తిన్నగా ఎల్లిపోతాయి లోపలికి. ఇసకా గులకా సరేసరి. నాను సిరిమిరి లైనులో డ్యూటీ సేసేటప్పుడు దిగి నడిసేవోణ్ణి, నాకు తెలుసు."

గుచ్చుకుంటే "అబ్బా" అనే మనిషికి గడ్డి గింజ గొడవ కాదు, ఆగి తీసి పారేస్తాడు. నాకు ఆ "అబ్బా" లేదు. గింజ గానీ, గులకరాయి గానీ బూటులో పడితే సాయంత్రం దాకా నన్ను నములుతూనే ఉంటుంది, నేను పాటలు పాడుకుంటూ నడుస్తూనే ఉంటాను.

ఆయన లోపలికి వెళ్ళి పెట్టె తెరిచి, ఒక జత పట్టుకొచ్చారు. దళసరి కాన్వాసు, అంచుల వెంట తోలు, పక్కన ఇనప బకిల్సు. బొగ్గు ఇంజన్ల రోజుల్లో నిప్పుకణాలు, వేడి బూడిద బూటులోకి పోకుండా కట్టుకునేవారట. మోకాలి దాకా వస్తాయి. ముప్పై ఏళ్ళు తన కాళ్ళను కాపాడాయన్నారు. వాటిని అందిస్తున్నప్పుడు ఆయన మొహం పెళ్ళికొడుక్కి ఉంగరం తొడిగే మావగారి మొహంలా ఉంది, వద్దనడం ఎవరితరం? కట్టుకుని పెరడంతా నాలుగుసార్లు తిరిగాను. కాలు ఎత్తితే నాతోపాటు రైలింజన్ల షెడ్ కూడా కొంత లేచినట్టు అనిపించింది. పైగా లోపల చెమట.

సూరమ్మ గారు వంటింటి గుమ్మంలో నిలబడి నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. "ఆ అవతారంతోటి అడివికెల్తే ఎలుగుబంట్లు నవ్వుతాయి" అన్నారు.

"నీకేటి తెలుసు" అని కసిరారు ఆయన. కానీ విప్పడానికి నాకు తనే సాయం చేశారు. వాటిని తుడిచి మళ్ళీ పెట్టెలో పెడుతుంటే కొంచెం దిగులుగానే కనబడ్డారు.

గోల్ బజారు, తిఫ్రా

ఇంగ్లీషు వాళ్ళు వీటిని గెయిటర్లంటారు. బూటు మూతినుంచి పైకి, కాలి చుట్టూ వచ్చే తొడుగులు. ఒక పాత మాసపత్రికలో మంచు కొండలెక్కేవాడి కాళ్ళకు చూశాను. మన దేశంలో అప్పట్లో ఇలాంటివి అమ్మే దుకాణం ఉంటే పెద్ద నగరాల్లో ఉండాలి. బిలాస్‌పూర్‌లో లేదు. కాబట్టి గుడ్డ మనమే వెతకాలి, బొమ్మ మనమే గీయాలి. బొమ్మ సంగతి నా పని.

రెండు రోజులు కూర్మారావు గారూ నేనూ ఇదే పని మీద తిరిగాం. గోల్ బజారులో పాత సామాను అమ్మే మనిషి దగ్గర కవాతు పిల్లలు కట్టుకునే ఖాకీ పట్టీలు దొరికాయి. గట్టివే, కానీ బకిలు సరిగ్గా నా పాత మచ్చ మీదకు వస్తుంది. తిఫ్రా వెళ్ళాం. అక్కడ లారీల సీట్లు కుట్టేవాళ్ళు వరసగా ఉంటారు. రెగ్జిన్ ముక్క ఒకటి పాదానికి చుట్టి చూశాను. నీరు దిగదు, ముల్లు దిగదు, గాలి కూడా దిగదు. పావుగంటలో చర్మం నానింది. నానిన చర్మం నాలాంటివాడికి పండిన పండుతో సమానం, గోరు తగిలితే లేచిపోతుంది. సీట్లు కుట్టే ఆయన మాత్రం పదేళ్ళు గ్యారంటీ అన్నాడు. నా కాళ్ళకు అంత గ్యారంటీ లేదన్నాను హిందీలో. నా హిందీ పరీక్షలు పాసై నేర్చుకున్న హిందీ. ఆయన దాన్ని ఏదో పద్యమనుకుని తల ఊపాడు.

పోప్లిన్ చూశాం. తేలిక, గాలాడుతుంది. కానీ ఉత్తరేణి గింజలు, ముళ్ళ గింజలు ఆ నేతలో పట్టుకుని వదలవు. అప్పుడు గొడుగులు బాగుచేసే దుకాణం ముందు నిలబడ్డాను. నల్లటి నైలాను గుడ్డ, జారుడుగా ఉంది. వేలితో గింజ అంటిస్తే జారి కింద పడింది. అరచేతిలో మడిస్తే జేబురుమాలంత లేదు. రెండు పాత గొడుగుల గుడ్డ పదిహేను రూపాయలకు ఇచ్చాడు, కమ్మీలు మీరుంచుకోండి అంటే సంతోషించాడు.

అక్కడే అరుగు మీద కూర్చుని బొమ్మ గీశాను. మోకాలి దాకా అక్కర్లేదు. తక్కువ ఎత్తు బూటుకు అసలు చిల్లు చీలమండ దగ్గరే. అది మూసి, జానెడు పైకి వస్తే చాలు. ఎత్తు పెరిగితే చెమట పెరుగుతుంది. ముందువైపు బూటు తాడుకు తగిలించే చిన్న కొక్కెం. కింద మడమకు ముందున్న వంపులోంచి సైకిలు ట్యూబు పట్టీ, రాళ్ళకు అరిగినా తెగకుండా. ఇక పైన మూతికి ఎలాస్టిక్ మాత్రం వద్దు. బిగుతు పట్టీ కాలికి నెత్తురు అడ్డుకుంటుంది, అదీ నాకు తెలియదు. ఎలాస్టిక్ వద్దని దర్జీకి రెండుసార్లు చెప్పాను.

దర్జీ అభిమానం

దర్జీ స్కూలు యూనిఫాంలు కుట్టే పెద్దమనిషి. సాయంత్రానికి కుట్టి ఉంచాడు. కుట్లు చక్కగా, సన్నగా ఉన్నాయి. పైన మూతికి బ్రహ్మాండమైన ఎలాస్టిక్.

ఎందుకు పెట్టావంటే నొచ్చుకున్నాడు. "లేకపోతే జారిపోతాయి సాబ్. దారిలో జారితే మీరు నన్ను తలచుకోరూ? ఊళ్ళో పిల్లల నిక్కర్లన్నీ నావే, ఒక్కటీ జారలేదు" అన్నాడు.

విప్పించుకుందామంటే అతను అప్పటికే కొట్టు మూసే పనిలో ఉన్నాడు. నాకూ సిగ్గేసింది, ఎందుకు వద్దో చెప్పాలంటే జబ్బు చెప్పాలి. పుచ్చుకుని వచ్చేశాను. మర్నాడు పొద్దున్నే వాటిని తొడుక్కుని కూర్మారావు గారితో నదిదాకా నడిచాను. తేలికగా, హాయిగా ఉన్నాయి. ఇసుకలో నడిచినా బూటులోకి ఒక్క రేణువు పోలేదు. ఎలాస్టిక్ కూడా బాగానే ఉందే, అనవసరంగా భయపడ్డానే అనుకున్నాను.

ఇంటికొచ్చి వరండాలో కూర్చుని విప్పాను. సూరమ్మ గారు టీ తెచ్చారు. గ్లాసు కింద పెట్టబోయి ఆగారు.

"ఏటి మాస్టారూ అది?"

కాలి చుట్టూ, రెండు కాళ్ళకూ, వేలు దూరేంత లోతుగా గాడి. దాని కింద చర్మం ఎర్రగా కందిపోయింది. నేను చూసేదాకా నాకు తెలియదు.

"నొప్పెట్టనేదా?"

"లేదండీ. నా కాళ్ళకు తెలియదు" అన్నాను. ఇక దాచడానికేముంది, షుగరు సంగతి, పుండు సంగతి, డాక్టరు మాట, అన్నీ చెప్పేశాను. ఆవిడ పీట లాక్కుని ఎదురుగా కూర్చున్నారు. కోప్పడతారనుకున్నాను, పులుసు తిననందుకు, అబద్ధమాడినందుకు.

"మరి సాయంత్రం మీ పాదాలెవరు సూస్తారు?" అన్నారు.

అద్దం సంగతి చెప్పాను. కూర్మారావు గారు చేతిలో పేపరు మడతపెట్టి మళ్ళీ విప్పారు. కన్నీళ్ళు వస్తాయేమోనని నేను టీ తాగేశాను, వేడో చల్లనో చూడకుండా.

ఆవిడ లేచి, కత్తెర తెచ్చి, దర్జీ ఎలాస్టిక్‌ను ఒక్కొక్క కుట్టే కోసి లాగేశారు. దాని స్థానంలో తన పెట్టెలోంచి కొత్త పావడా బొందు తీసి ఎక్కించారు. "ఇది కావలసినంత ఒదులు కట్టుకోవచ్చు. జారితే ముందు కొక్కెం పట్టుకుంటాది. ఆడోళ్ళం పుట్టినకాడినుంచి ఇదే కడతన్నాం, జారిందేటి?" అన్నారు. తొడుక్కుని నిలబడ్డాను. అంచు కుచ్చిళ్ళతో, ముడి పక్కన వేలాడుతూ.

"కాళ్ళకి పావడాలు!" అని ఆవిడ నవ్వు ఆపుకోలేకపోయారు. ముగ్గురం నవ్వాం. ఆ మధ్యాహ్నం పులుసులో బెల్లం లేదు. పుల్లగా, బాగానే ఉంది. కూర్మారావు గారు మాత్రం ముద్దముద్దకూ మొహం చిట్లించుకుంటూ తిన్నారు.

అడవి దారి

బస్సు కోని దాటి, విశ్వవిద్యాలయం గోడ దాటి, రతన్‌పూర్ వైపు తిరిగింది. పక్క సీట్లో కూర్చున్నాయన దిగేదాకా నిద్రపోయాడు. ఎవరితోనూ మాట్లాడకుండా అన్ని గంటలు గడపడం ఇంట్లో అలవాటే, బస్సులో మాత్రం బరువనిపించింది. నాలుగు రోజులు ఇద్దరు ముసలివాళ్ళ పోట్లాట వినేసరికి చెవులు చెడిపోయాయి.

నడక మొదలయ్యే ఊళ్ళో దారి చూపడానికి బిసాహు అనే మనిషిని కుదిర్చారు. నాకన్నా పదేళ్ళు పెద్ద. పంచె, తలపాగా, చేతిలో కర్ర, ఉత్త కాళ్ళు. ఆయన మాట్లాడేది ఛత్తీస్‌గఢీ, నాది పుస్తకాల హిందీ. మధ్యలో ఎక్కడో కలుసుకునేవాళ్ళం. నా కాళ్ళు చూసి ఇవేమిటన్నాడు. గొడుగులన్నాను. నల్లగుడ్డ తడిమి చూసి, మళ్ళీ ఆకాశం చూసి, ఇంకేమీ అడగలేదు.

ఆయన ముందు, నేను వెనక. పైన మద్దిచెట్లకన్నా పొడుగైన గుగ్గిలం చెట్లు, కింద రాలిన ఆకు. మన కొండల్లో నడుస్తుంటే ఏదో ఒక పిట్ట వెంటపడి వాగుతూ ఉంటుంది. ఇక్కడ ఆకు మీద నా అడుగే నాకు వినపడింది. స్నేహితులు ఉంటే ఈపాటికి ఎవడో రాజకీయాలు ఎత్తేవాడు, ఇంకొకడు తిండి పొట్లం విప్పేవాడు. ఏదైనా బాగున్నది కనబడితే "చూడరా" అనడానికి నోరు తెరిచి, ముందున్నది బిసాహు అని గుర్తొచ్చి మూసేవాణ్ణి.

గడ్డి మాత్రం కూర్మారావు గారు చెప్పినంతా ఉంది. అర్ధమైలు దాకా నడుమెత్తు గడ్డిలోంచి పోయాం. నా ప్యాంటు మోకాళ్ళ దగ్గర గింజలతో కుట్టుపని చేసినట్టయింది. తొడుగుల మీద ఒక్కటి లేదు. వాగు దగ్గర గులకరాళ్ళు ఎగిరి పడ్డాయి, అవీ లోపలికి పోలేదు. ఒకచోట ముడి వదులై కుడి తొడుగు కొద్దిగా దిగింది, కొక్కెం పట్టుకుంది. ఆగి మళ్ళీ కట్టుకున్నాను. ఎంత పొంగిపోయానంటే సూరమ్మ గారికి అక్కడినుంచే కేకేసి చెబుదామనిపించింది. గెలిచాననే అనుకున్నాను.

కౌసల్య కొడుకు

పొద్దు వాలకముందే బిసాహు ఊరు చేరాం. పది ఇళ్ళు కూడా లేవు. మట్టిగోడలకు తెల్లమట్టి పూసి, నడుము ఎత్తున ఎర్రగీత గీశారు. గుమ్మంలోకి రాగానే ఆయన భార్య చెంబుతో నీళ్ళు తెచ్చి ముందు పెట్టింది. వచ్చినవాడు కాళ్ళు కడుక్కోవాలి, అది అక్కడి మర్యాద. మన వైపూ ఉండేది, పంపులొచ్చాక పోయింది. నేను తరువాత కడుక్కుంటానని, బూట్లతోనే బయట అరుగు మీద కూర్చున్నాను. ఒక మూల చూసుకుని, అద్దం తీసి, ఎవరూ చూడకుండా నా తనిఖీ చేసుకోవాలని నా ఆలోచన.

ఆమె ఆకుల మధ్య కాల్చిన దళసరి బియ్యప్పిండి రొట్టె, టమాటా పచ్చడి పెట్టింది. సగం రొట్టె చాలన్నాను. తినేటప్పుడు ఊళ్ళోవాళ్ళు అడిగేవన్నీ అడిగారు. ఏ ఊరు, ఏం పని, పిల్లలెందరు. లేరన్నాను. ఇంటావిడ? పోయిందన్నాను. అమ్మ? ఆమె కూడా ఎప్పుడో పోయిందన్నాను. అమ్మ పేరేమిటని బిసాహు అడిగాడు.

"కౌసల్య" అన్నాను.

రొట్టె తుంచుతున్న ఆయన చెయ్యి ఆగింది. భార్యవైపు చూశాడు. లేచి, చెయ్యి కడుక్కుని వచ్చి, నా ముందు మోకాళ్ళ మీద కూర్చుని, రెండు చేతులతో నా కాళ్ళు పట్టుకుని నుదురు ఆనించాడు. "పాయ్ లాగీ, భాంచా" అన్నాడు.

నేను అదిరిపోయి కాళ్ళు లాక్కున్నాను. పెద్దవాడు చిన్నవాడి కాళ్ళు పట్టుకోవడమేమిటి? మన దగ్గరైతే చిన్నవాడికి ఆయుక్షీణం అంటారు. ఆయన నవ్వి విడమరిచాడు. పాయ్ లాగీ అంటే కాళ్ళకు మొక్కుతున్నానని, భాంచా అంటే మేనల్లుడని. శ్రీరాముడి తల్లి కౌసల్య పుట్టిల్లు ఇక్కడే, ఆమె ఈ దేశపు ఆడపడుచు. కాబట్టి రాముడు ఈ దేశమంతటికీ మేనల్లుడు. అందుకని ఇక్కడ మేనమామే మేనల్లుడి కాళ్ళకు మొక్కుతాడు, వయసుతో పని లేదు. "మా చెల్లెలి పేరు పెట్టుకున్న తల్లి కొడుకువి. మేనల్లుడి కాళ్ళు కడగకుండా మా ఇంట్లో ఎట్లా పడుకోనిస్తాం?" అన్నాడు.

ఆమె అప్పటికే కంచు పళ్ళెం తెచ్చింది. నేను వద్దంటూనే ఉన్నాను. ఆయన బొందు ముడి విప్పాడు, కొక్కెం తీశాడు, బూటు లాగాడు, మేజోడు తీశాడు. విజయ పోయిన తరువాత, డాక్టరును తప్పిస్తే, నా పాదం మరో మనిషి చేతిలోకి వెళ్ళడం అదే మొదటిసారి. ఆయన చేతులు వేడిగా ఉన్నాయో చల్లగా ఉన్నాయో నాకు తెలియదు. చూస్తూ కూర్చున్నాను. ఎడమ పాదం కడిగి, తుడిచి పక్కన పెట్టాడు. కుడి పాదం ఎత్తి అరికాలి మీద బొటనవేలితో రుద్దుతూ ఆగాడు. మళ్ళీ అక్కడే రుద్దాడు. దీపం దగ్గరికి తెమ్మన్నాడు.

"నొప్పి లేదా?"

"లేదు."

"ఇక్కడ?"

"లేదు."

ఆయన నడుముకు కట్టుకున్న చిమటా, ముళ్ళు లాగే చిన్న పట్టకారు, తీసి, వంగి, ఏదో లాగి అరచేతిలో పెట్టి చూపించాడు. రేగుముల్లు. గోటిపొడుగు ఉంది. అది పక్కనుంచి రాలేదు, పైనుంచి రాలేదు. రబ్బరు అడుగులోంచి తిన్నగా పైకి వచ్చి, నాలుగో వేలి మొదట్లో దిగింది. ఎన్ని మైళ్ళు దాని మీద నడిచానో. రెండు రోజులు గుడ్డ వెతికి, బొమ్మ గీసి, ఎలాస్టిక్ పీకించి, చుట్టూ గోడ కట్టుకున్నాను. కింద చూడాలని తోచలేదు.

అదృష్టం, చర్మం మందంలోనే ఆగింది, ఒక చుక్క నెత్తురు తప్ప రాలేదు. అద్దంలో ఆ చోటు నాకెన్నడూ కనబడలేదు. మర్నాటికి చీము పట్టేది, ఇంటికెళ్ళేసరికి వేలు నల్లబడేది. నా సంచిలో మందు ఉందని చెప్పాను. ఆయన కడిగి, అద్ది, మెత్తని గుడ్డ కట్టాడు. నేను ఏడ్చేశాను. దాచుకోలేదు. వాళ్ళిద్దరూ కూడా ఆపమనలేదు. ఆమె మిగిలిన సగం రొట్టె తెచ్చి నా కంచంలో పెట్టింది.

అమర్‌కంటక్, తరువాత ఇల్లు

మర్నాడు పొద్దున బయలుదేరేముందు బిసాహు బూటు అడుగు పరిశీలించి, లోపల పాత టైరు ముక్క కోసి పరిచాడు. రోజంతా నెమ్మదిగా నడిచాం. నీటి గుంటలు వచ్చినచోట ఆగి, బూటు విప్పించి చూసేవాడు. నర్మద పుట్టిన కుండం చూశాం. చాలా చిన్నది. అంత పెద్ద నది అక్కడినుంచి వచ్చిందంటే నమ్మబుద్ధి కాదు. యాత్రికులు చాలామంది ఉన్నారు, కుటుంబాలతో. మెట్ల మీద కూర్చున్నాం. ఆయన చెయ్యి చాపాడు. నేను కాలు ఇచ్చాను. చుట్టూ జనం చూస్తున్నారు. చూడనీ అనుకున్నాను. శుభ్రంగా ఉందన్నాడు.

బస్సు ఎక్కించేటప్పుడు ఆయనకు నమస్కరించబోతే నా చేతులు పట్టుకుని ఆపి, తనే మళ్ళీ వంగాడు. బస్సు కదిలాక వెనక్కి తిరిగి చూశాను, దుమ్ములో ఆయన తలపాగా కొంతదూరం కనబడింది.

ఇంటికి వచ్చి తాళం తీసేసరికి ఇల్లంతా మూసిన వాసన. బట్టలు నానబెట్టి, అన్నం వండుకుని, సాయంత్రం నేల మీద అద్దం పెట్టాను. కాలు ఎత్తాను. దించాను. ఇంకోసారి ఎత్తబుద్ధి కాలేదు.

పక్క వాటాలో రిటైరైన పోస్టుమాస్టరు గారొకరు ఉంటారు. ఆయనా ఒక్కరే. పొద్దున పేపరు ఆయన చదివి నాకిస్తారు, నేను చదివి తలుపు సందులో పెడతాను. ఆరేళ్ళలో మా మధ్య అంతకన్నా ఎక్కువ మాటలు జరగలేదు. వెళ్ళి తలుపు తట్టాను. ఆయన తలుపు తీసి, ఇవాళ పేపరు ఇచ్చేశానే అన్నట్టు చూశారు.

"అండీ, ఏమీ అనుకోకండి. నా అరికాళ్ళు ఒకసారి చూసిపెడతారా?" అన్నాను.

ఆయన నా మొహం చూశారు, నా కాళ్ళు చూశారు. "ఉండండి" అని లోపలికి వెళ్ళి కళ్ళజోడు తెచ్చుకున్నారు.